తల వెడల్పు, తోక వంపు: కణత్వచంపై పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ కణత్వచం గురించి నాలుగు మాటలు రాశాను. ఫాస్ఫోలిపిడ్ అణువుకి నీటిలో ఉండగలిగే తల ఒకటి, నీటిలో ఇమడని కొవ్వు తోకలు రెండు ఉంటాయనీ, ఆ అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని రెండు వరసలుగా నిలిస్తే కణం చుట్టూ పొర తయారవుతుందనీ చెప్పాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను జీవరసాయన శాస్త్రం చెబుతూ ఈ పొరల మీదే పనిచేశాను, అందుకని ఈసారి పేజీలన్నీ వీటికే ఇమ్మని సంపాదకుల్ని అడిగి తీసుకున్నాను. ప్రశ్నలు వేరువేరుగా కనిపించినా దాదాపు అన్నింటికీ జవాబు అణువు ఆకారంలోనే ఉంది.

ప్రశ్న: మేడమ్, కణత్వచంలో ఒక ఫాస్ఫోలిపిడ్‌కీ దాని పక్కనున్న దానికీ మధ్య రసాయన బంధం ఉండదని మా పుస్తకంలో ఉంది. బంధమే లేనప్పుడు పొర విడిపోకుండా ఎలా ఉంటుంది?
– డిగ్రీ విద్యార్థిని

సరైన చోట ఆగి అడిగావమ్మా. బంధం లేని మాట నిజమే. పొరను నిలబెడుతున్నది చాలావరకు దాని చుట్టూ ఉన్న నీరు.

నీటి అణువులు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలు వేసుకుంటూ, తెంచుకుంటూ క్షణం కుదురుగా ఉండవు. వాటి మధ్యకి ఒక హైడ్రోకార్బన్ తోక వచ్చిందనుకో. దానితో బంధం కుదరదు. కాబట్టి తోకను ఆనుకుని ఉన్న నీటి అణువులు తమలో తమకున్న బంధాలు పోకుండా చూసుకోవాలంటే కొన్ని దిక్కులకే తిరిగి ఉండాలి. వాటి స్వేచ్ఛ తగ్గిపోతుంది, అంటే ఎంట్రోపీ తగ్గిపోతుంది. తోకలన్నీ ఒకచోట చేరిపోతే ఆ నీటికి మళ్లీ స్వేచ్ఛ వస్తుంది. కొవ్వుకి నీరు గిట్టదని అందరం అంటాం గానీ, తోక నీటిని తోసేయడం లేదు. నీరే తోకల్ని ఒక మూలకి చేరుస్తోంది.

ఇది ఎంత గట్టి బలవంతమో ఒక లెక్కతో చూడు. డీపీపీసీ అనే మామూలు ఫాస్ఫోలిపిడ్ ఉంది, ఒక్కో తోకలో 16 కార్బన్లు. నీటిలో ఇది ఒంటరి అణువుగా లీటరుకి ఒక నానోమోల్ కూడా ఉండదు. అంతకు మించితే గుంపు కట్టేస్తుంది. ప్రయోగశాలల్లో వాడే ఎస్‌డీఎస్ అనే ఒంటి తోక డిటర్జెంట్ లీటరుకి 8 మిల్లీమోళ్ల దాకా ఒంటరిగానే తిరుగుతుంది. కోటి రెట్లకు పైగా తేడా. ఎస్‌డీఎస్ తోక 12 కార్బన్లదే, కాస్త పొట్టి, అదీ కొంత కారణం. కానీ అసలు కారణం రెండో తోక. ఒకసారి పొరలో చేరిన ఫాస్ఫోలిపిడ్ తిరిగి నీటిలోకి దాదాపు రాదు.

పొర బంతిలా మూసుకుపోవడానికీ కారణం ఇదే. పరిచిన రేకులా ఉంటే అంచుల్లో తోకలు నీటికి తగులుతాయి. అంచు అనేదే లేకుండా పోవాలంటే మూసుకోవడం తప్ప దారి లేదు. కృత్రిమ గర్భధారణలో సన్నని సూదితో అండంలోకి శుక్రకణాన్ని పంపి సూది వెనక్కి తీశాక, అండం పొర తిరిగి కలిసిపోయేది ఈ గుణం వల్లే.

మా ల్యాబులో కొత్తగా చేరిన వాళ్లకి నేను మొదట చేయించే పని ఒకటుండేది. క్లోరోఫాంలో కరిగించిన లిపిడ్‌ని గుండ్రటి ఫ్లాస్కులో పోసి, ఫ్లాస్కును తిప్పుతూ క్లోరోఫాంని ఆవిరి చేస్తే గాజు లోపలి గోడకి పలుచని మరక లాంటి పొర మిగులుతుంది. అందులో నీళ్లు పోసి మెల్లగా ఆడిస్తే నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ తెలుపంతా లైపోజోములే, కోట్ల కొద్దీ మూసుకున్న గుండ్రటి సంచులు. 1960ల్లో ఇంగ్లండులోని బాబ్రహామ్‌లో అలెక్ బాంగమ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసినవి ఇవే. ఎంజైము లేదు, శక్తి ఖర్చు లేదు, ఎవరి సూచనా లేదు. ఎన్నిసార్లు చేసినా ఆ తెలుపు వచ్చే క్షణం నాకు పాతబడలేదు.

ప్రశ్న: రెండు వరసలే ఉన్నాయని ఎలా తేల్చారు? అంత పలుచని దాన్ని అప్పట్లో చూడగలిగారా?
– రిటైర్డ్ ఇంజినీరు

చూడలేదండీ, కొలిచారు. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాలు తీసుకున్నారు. క్షీరదాల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, లోపల ఇంకే పొరలూ ఉండవు. కాబట్టి అందులోంచి వచ్చిన లిపిడ్ అంతా బయటి పొరదే. దాన్ని అసిటోన్‌తో బయటికి తీసి, నీటి మీద ఒకే అణువు మందాన పరిచి, వైశాల్యం కొలిచారు. అది కణాల ఉపరితలానికి సుమారు రెట్టింపు వచ్చింది. అంటే రెండు వరసలు.

నిజానికి ఈ లెక్కలో రెండు లోపాలున్నాయి. అసిటోన్ లిపిడ్‌ని పూర్తిగా లాగలేదు. ఎండిన కణాల్ని కొలవడం వల్ల ఉపరితలం కూడా తక్కువగా లెక్కకొచ్చింది. రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుని సరైన జవాబు వచ్చింది. దీన్ని అదృష్టం అని తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఏ కణాన్ని ఎంచుకోవాలో, ఏ ప్రశ్న వేయాలో తెలియడమే అందులో సగం పని.

నీటి మీద పొరను పరిచి కొలిచే తొట్టి గురించి కూడా చెప్పాలి. అది లాంగ్మ్యూర్ అనే శాస్త్రవేత్త పేరుతో ప్రసిద్ధి. కానీ అంతకు చాలా ముందే జర్మనీలో ఏగ్నెస్ పోకెల్స్ అనే ఆవిడ, విశ్వవిద్యాలయంలో చదువుకునే అవకాశం లేక, ఇంట్లోనే ఒక తొట్టి అమర్చుకుని, దాని మీద పట్టీ జరుపుతూ నీటి తలతన్యతను కొలిచారు. ఆమె భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి రాసిన ఉత్తరాన్ని ఆయన నేచర్ పత్రికకు పంపితే 1891లో అచ్చయింది. పొరల శాస్త్రం చెప్పేటప్పుడు ఆమె పేరు చెప్పకుండా నేను ముందుకు వెళ్లను.

పొర మందం ఎంతో కూడా చెప్పేస్తాను. సుమారు 5 నానోమీటర్లు. అలాంటివి 2 లక్షలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక మిల్లీమీటరు.

ప్రశ్న: సబ్బు అణువుకి కూడా తల ఉంది, తోక ఉంది. మరి ఫాస్ఫోలిపిడ్ పొర కడితే, సబ్బు ఆ పొరనే ఎందుకు విరగ్గొడుతుంది?
– ఉన్నత పాఠశాల సైన్సు ఉపాధ్యాయుడు

ఈ నెల వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, మాస్టారూ. దీనికి జవాబు తెలిస్తే మిగతా చాలావాటికి దారి దొరుకుతుంది.

అణువును గీతలతో కాక ఘనాకారంగా ఊహించండి. సబ్బుకి ఆవేశం ఉన్న తల. ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కాబట్టి తల ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కింద తోక ఒక్కటే. పైన వెడల్పు, కింద సన్నం, అంటే శంకువు. ఫాస్ఫటైడిల్ కోలిన్ అనే ఫాస్ఫోలిపిడ్ తీసుకోండి, పైన చెప్పిన డీపీపీసీ ఈ రకానిదే. తల ఇంచుమించు అంతే చోటు తీసుకుంటుంది గానీ కింద రెండు తోకలున్నాయి. పైనా కిందా వెడల్పు దాదాపు సమానం, అంటే స్తంభం. నిటారు ఇటుకలు పేరిస్తే గోడ వస్తుంది, ఒకవైపు సన్నబడిన ఇటుకలు పేరిస్తే కమాను వంగుతుంది. శంకువులు చేరితే వంగి వంగి చిన్న గోళమై మూసుకుంటాయి. అదే మైసెల్. స్తంభాలు చేరితే చదునైన పొర.

1976లో ఇజ్రేలాష్విలి, మిచెల్, నిన్హామ్ దీన్ని ఒక చిన్న భిన్నంగా రాశారు. తోకల ఘనపరిమాణాన్ని, తల వైశాల్యం తోక పొడవుల లబ్ధంతో భాగించండి. జవాబు మూడో వంతు లోపు ఉంటే గుండ్రటి మైసెల్, అక్కడినుంచి సగం దాకా కడ్డీ లాంటి మైసెల్, సగం నుంచి ఒకటి దాకా పొర. ఒకటి దాటితే అంతా తిరగబడుతుంది: తలలు లోపలికి, తోకలు బయటికి. పిల్లలకి కాగితం మీద చేయించదగ్గ లెక్క ఇది.

సబ్బు పొరలోకి దూరితే ఏమవుతుందో ఇప్పుడు తేలిగ్గా ఊహించవచ్చు. స్తంభాల మధ్య శంకువులు చేరేకొద్దీ పొర చదునుగా ఉండలేదు. ఒక హద్దు దాటాక ముక్కలై, ఆ ముక్కలు సబ్బుతో కలిసి మైసెల్స్‌గా తేలిపోతాయి. కరోనా, ఫ్లూ వైరస్‌లు లిపిడ్ పొర కప్పుకుని ఉంటాయి కాబట్టి సబ్బు వాటిని ఛిన్నాభిన్నం చేస్తుంది. పోలియో, నోరోవైరస్‌లకి ఆ కప్పు లేదు, ప్రోటీన్ తొడుగే ఉంది. సబ్బుతో చేతులు కడిగితే అవి కొట్టుకుపోతాయి గానీ విరగవు.

పాము విషం కూడా ఈ ఆకారాన్నే దెబ్బతీస్తుంది. చాలా పాముల విషంలో ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైము ఉంటుంది. ఫాస్ఫోలిపిడ్‌లో తలనీ తోకల్నీ కలిపే గ్లిసరాల్ మధ్య కార్బన్‌కి అతికి ఉన్న తోకను అది కత్తిరిస్తుంది. రెండు తోకల అణువు ఒంటి తోకదైపోతుంది. స్తంభం శంకువవుతుంది. అంటే బయటినుంచి సబ్బు పోయనక్కర్లేదు, పొరలోని అణువుల్నే సబ్బు లాంటివిగా మార్చేస్తుంది. నాగుపాము విషంలోని ఈ ఎంజైము ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టగలగడం వెనక ఉన్న రసాయనం ఇది.

తిరగబడ్డ శంకువులూ ఉన్నాయి. ఫాస్ఫటైడిల్ ఇథనాలమైన్ అనే ఫాస్ఫోలిపిడ్ తల చిన్నది. తోకల్లో ద్విబంధాలుంటే కింది భాగం మరీ వెడల్పు. అలాంటి దాన్ని ఒక్కదాన్నే నీటిలో వేస్తే శరీర ఉష్ణోగ్రత దగ్గర చదును పొర కట్టదు, నీరు లోపల ఉన్న సన్నని గొట్టాలుగా మారుతుంది. అయినా ఈ.కోలై అనే బాక్టీరియా లోపలి పొరలో నాలుగింట మూడు వంతులు ఇదే. పొర కట్టని లిపిడ్ పొరలో ఎందుకు? కణం విడిపోవాలన్నా, ఒక సంచి ఇంకో పొరతో కలవాలన్నా, ఎక్కడో ఒకచోట పొర గట్టిగా వంగాలి. అన్నీ నిటారు స్తంభాలే అయితే ఆ వంపు రాదు. నాడీకణాల చివర రసాయనాలు నింపుకున్న సంచులు సుమారు 40 నానోమీటర్ల వ్యాసంవి, అందులో పొర మందమే రెండు వైపులా కలిపి 10. అంత చిన్న గోళంలో బయటి వరసకి చోటు ఎక్కువ, లోపలి వరసకి తక్కువ. అక్కడ ఏ ఆకారం ఎటువైపు ఉందన్నది చాలా ముఖ్యం.

ప్రశ్న: మంచు కింది చల్లటి నీళ్లలో బతికే చేపల కణాల్లో ఈ కొవ్వు పొర గడ్డకట్టదా?
– ఇంటర్ విద్యార్థి

గడ్డకట్టకుండా అవి తమ లిపిడ్‌లనే మార్చుకుంటాయి బాబూ.

ఫాస్ఫోలిపిడ్ తోకలు కొవ్వు ఆమ్లాలే. వాటిలో స్టియరిక్ ఆమ్లంలో 18 కార్బన్లు, ఓలియిక్ ఆమ్లంలోనూ 18. స్టియరిక్ 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ఓలియిక్ 13 దగ్గరే. తేడా అంతా మధ్యలో ఉన్న ఒక్క ద్విబంధం. అది సిస్ రకం కాబట్టి తోక అక్కడ వంగుతుంది. వంగిన తోకలు పక్కపక్కన ఒత్తుగా ఇమడవు. అదే ద్విబంధం ట్రాన్స్ రకమైతే తోక ఇంచుమించు నిటారుగానే ఉంటుంది, కరగడానికి 40 డిగ్రీలు దాటాలి.

పొరలోనూ అంతే. రెండు తోకలూ స్టియరిక్ అయిన ఫాస్ఫటైడిల్ కోలిన్ పొర 55 డిగ్రీల దాకా గట్టి జెల్‌లా ఉంటుంది. రెండూ ఓలియిక్ అయితే సున్నాకి 17 డిగ్రీలు కిందికి వెళ్లినా ద్రవమే. ద్విబంధాలు లేకుండా పొడవు మాత్రం మార్చినా తేడా వస్తుంది: 14 కార్బన్లకి 24 డిగ్రీలు, 16కి 41, 18కి 55. పైన చెప్పిన ఫ్లాస్కు ప్రయోగం డీపీపీసీతో చేస్తే ఈ 41 కళ్లకి కనిపిస్తుంది. గది ఉష్ణోగ్రతలో నీళ్లు పోస్తే ఆ పొర పొలుసులుగా లేస్తుంది తప్ప సంచులు కట్టదు. ఫ్లాస్కును 50 డిగ్రీల నీటిలో ఉంచి ఆడిస్తే అప్పుడు తెల్లబడుతుంది. నా విద్యార్థులకి పట్టికలో చదివితే గుర్తుండని అంకె, అలా ఒకసారి చేశాక మరిచిపోవడం కుదిరేది కాదు.

చల్లటి నీటి చేపలు తోకల్లో ద్విబంధాలు పెంచుకుంటాయి, పొర కదలిక నిలబెట్టుకుంటాయి. రెయిన్‌డీర్ కాళ్లలో గిట్టల వైపు దిగేకొద్దీ అసంతృప్త ఆమ్లాలు, అంటే ద్విబంధాలున్నవి, ఎక్కువ, ఎందుకంటే మంచులో ఉండేది ఆ భాగమే. 1974లో సైనెన్స్కీ ఈ.కోలైని వేరువేరు ఉష్ణోగ్రతల్లో పెంచి, ప్రతి చోటా అది లిపిడ్‌లను మార్చి పొర ద్రవత్వాన్ని దాదాపు ఒకే స్థాయిలో ఉంచుతోందని చూపించాడు. బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే బాక్టీరియాలో డెస్‌కే అనే ప్రోటీన్ ఉంది. చల్లబడితే తోకలు నిటారై పొర మందం పెరుగుతుంది. డెస్‌కే ఆ మందాన్నే పసిగట్టి, ద్విబంధాలు పెట్టే ఎంజైమును తయారుచేయిస్తుంది. ఉష్ణోగ్రతను నేరుగా కాదు, పొర మందాన్ని కొలుస్తోంది. ఇంత తెలివైన ఏర్పాటు నాకు ఇంకోటి తోచదు.

మరుగునీళ్లలో బతికే ఆర్కియా అనే ఏకకణ జీవులది దీనికి పూర్తిగా తలకిందులు. వాటి తోకలు ఎస్టర్ బంధంతో కాక ఈథర్ బంధంతో అతికి ఉంటాయి, అది వేడికి అంత తేలిగ్గా తెగదు. కొన్నింటిలో ఎదురెదురు తోకలు కలిసిపోయి, రెండు చివర్లా తలలున్న ఒకే పొడవాటి అణువు పొర మందమంతా ఆక్రమిస్తుంది. రెండు వరసలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయే ప్రశ్నే లేదు.

ప్రశ్న: కొలెస్టరాల్ చెడ్డదంటారు. శరీరంలో అసలు లేకుండా చేసుకోవచ్చా?
– గృహిణి

వద్దమ్మా. రక్త పరీక్షలో చూసేది రక్తంలో ప్రయాణించే కొలెస్టరాల్‌ని, దాని సంగతి మీ డాక్టరు చెప్పాలి. కణత్వచంలోది వేరే కథ. జంతు కణాల బయటి పొరలో ఫాస్ఫోలిపిడ్‌లు ఎన్నో ఇంచుమించు అన్ని కొలెస్టరాల్ అణువులుండవచ్చు. దాని నాలుగు వలయాలు వంగవు. ఫాస్ఫోలిపిడ్ తోకల మధ్య నిలబడి, వేడిలో అవి మరీ చెదరకుండా, చలిలో మరీ ఒత్తుగా బిగుసుకోకుండా చూస్తాయి. శరీరంలోని కొలెస్టరాల్‌లో సుమారు ఐదో వంతు మెదడులోనే ఉంది, మెదడు తనకి కావలసింది తానే చేసుకుంటుంది. శిలీంధ్రాల్లో దీని బదులు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఆంఫోటెరిసిన్ బి అనే మందు ఆ ఎర్గోస్టెరాల్‌ని ఎక్కువగా పట్టుకోవడం వల్లే మన కణాల కంటే శిలీంధ్రాన్ని ఎక్కువగా దెబ్బతీయగలుగుతోంది.

ప్రశ్న: సోడియం అయాన్ నీటి అణువు కంటే పెద్దదేమీ కాదు. నీరు పొర దాటుతుంటే సోడియం ఎందుకు దాటలేదు?
– పోటీ పరీక్షలకి చదువుతున్న యువకుడు

పరిమాణం ఇక్కడ ముఖ్యం కాదు. సోడియం అయాన్ నీటిలో ఒంటరిగా ఉండదు, ఆవేశం వల్ల నీటి అణువుల్ని చుట్టూ గట్టిగా పట్టుకుని ఉంటుంది. పొర మధ్యలో సుమారు 3 నానోమీటర్లు కొవ్వు తోకలే. అక్కడికి వెళ్లాలంటే ఆ నీటిని వదులుకోవాలి, దానికి అయ్యే శక్తి చాలా ఎక్కువ. ప్రోటీన్లు లేని ఉత్త లిపిడ్ పొర నీటిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో, సోడియంని అంతకు వందకోట్ల రెట్లు తక్కువగా పోనిస్తుంది.

ఆ అడ్డు ఉంది కాబట్టే నాడీకణం లోపలికీ బయటికీ మధ్య సుమారు 70 మిల్లీవోల్టుల తేడా నిలుస్తుంది. 70 మిల్లీవోల్టులంటే ఏమంత కాదనిపిస్తుంది. 5 నానోమీటర్ల మందానికి లెక్కవేయండి, సెంటీమీటరుకి 1,40,000 వోల్టులు. గాలిలో సెంటీమీటరుకి సుమారు 30,000 వోల్టులకే నిప్పురవ్వ దూకుతుంది. అయాన్లకి దారి కావాలంటే ప్రోటీన్ చానెళ్లు ఉండాల్సిందే. పొటాషియం చానెల్ నిర్మాణాన్ని 1998లో బయటపెట్టిన రాడరిక్ మెకినన్‌కి, నీటి చానెళ్లను కనిపెట్టిన పీటర్ ఆగ్రేకి 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ కలిపి ఇచ్చారు.

ప్రశ్న: పొరలో అణువులు ఒకచోట ఉండవు, కదులుతూనే ఉంటాయని చదివాను. మరి లోపలి వరస, బయటి వరస కలగాపులగం కావా?
– డిగ్రీ విద్యార్థి

పక్కకి కదలడం వేరు, అటునుంచి ఇటు తిరగబడడం వేరు. పక్కకి కదిలే లిపిడ్ ఒక బాక్టీరియా పొడవును సుమారు ఒక సెకనులో దాటేస్తుంది. 1970లో ఫ్రై, ఎడిడిన్ ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపేసి, రెండింటి ఉపరితల ప్రోటీన్లకి వేరువేరు రంగులు వేశారు. 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాల్లో రంగులు పూర్తిగా కలిసిపోయాయి. బాగా చల్లబరిస్తే కలవలేదు. రెండేళ్ల తర్వాత సింగర్, నికొల్సన్ ప్రతిపాదించిన, పొరను ప్రోటీన్లు తేలే ద్రవంగా చూసే ద్రవ మొజాయిక్ నమూనాకి ఇది గట్టి ఆధారమైంది.

తిరగబడాలంటే మాత్రం నీటితో అంటిపెట్టుకున్న తల కొవ్వు మధ్యలోంచి దూరాలి. దానంతట అదే జరగాలంటే గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. కాబట్టి రెండు వరసల్లో వేరువేరు లిపిడ్‌లు ఉంచడం సాధ్యమవుతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి ఆ తేడాను కాపాడే ఎంజైములూ ఉన్నాయి. ఫాస్ఫటైడిల్ సెరిన్ అనే ఫాస్ఫోలిపిడ్‌ని కణం లోపలి వైపే ఉంచుకుంటుంది. కణం చనిపోవడానికి సిద్ధమైనప్పుడు అది బయటికి కనిపిస్తుంది, మాక్రోఫేజ్‌లు దాన్ని గుర్తుపట్టి కణాన్ని మింగేస్తాయి. గాయమైనప్పుడు ఉత్తేజితమైన రక్త ఫలకికలు కూడా దీన్ని బయటికి తిప్పుతాయి, గడ్డకట్టించే కారకాలు కాల్షియం సాయంతో ఆ తలల మీదే చేరతాయి. అదే అణువు, అటు ఉందా ఇటు ఉందా అన్నదే కబురు.

ప్రశ్న: మా బాబు నెలలు నిండకుండా పుట్టాడు. ఊపిరితిత్తుల్లోకి ఏదో మందు గొట్టం ద్వారా వేశారు. సర్ఫాక్టెంట్ అన్నారు. అదేమిటి?
– ఒక తల్లి

అదీ చాలావరకు ఫాస్ఫోలిపిడే అమ్మా, అందులో అన్నింటికంటే ఎక్కువగా ఉండేది పైన చెప్పిన డీపీపీసీ. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచుల్ని వాయుగోణులంటారు, వాటి లోపలి గోడ తడిగా ఉంటుంది. ఆ తడికి తలతన్యత ఎక్కువ, ఊపిరి వదిలిన ప్రతిసారీ వాయుగోణిని ముడుచుకుపోయేలా లాగుతుంది. గోణి ఎంత చిన్నదైతే లాగుడు అంత ఎక్కువ. డీపీపీసీ అణువులు తలలు నీటివైపు, తోకలు గాలివైపు పెట్టి ఒకే వరసగా పరుచుకుంటాయి. దాని తోకలు రెండూ వంపు లేనివి. అందుకే ఊపిరి వదిలి ఉపరితలం తగ్గినప్పుడు అవి ఒత్తుగా ఇమిడి తలతన్యతను దాదాపు సున్నాకి దించుతాయి. చేపకి వంపు కావాలి, ఊపిరితిత్తికి నిటారు తోక కావాలి. నిటారువి ఒక్కటే ఉంటే త్వరగా పరుచుకోవు, అందుకని కొన్ని అసంతృప్త లిపిడ్‌లు, ఎస్‌పీ-బి, ఎస్‌పీ-సి అనే ప్రోటీన్లు తోడుంటాయి.

బిడ్డ ఊపిరితిత్తుల్లో ఇది తగినంత తయారయ్యేది గర్భం చివరి వారాల్లో. ముందే పుట్టిన పిల్లల ఊపిరి ఇబ్బందికి ఇది చాలకపోవడమే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం బయటినుంచి సర్ఫాక్టెంట్ వేసి పిల్లల్ని నిలబెట్టగలిగింది. మీ బాబుకి వేసింది ఆ వరసలోదే. కొన్నాళ్లకి పిల్లల ఊపిరితిత్తులు సొంతంగా తయారుచేసుకుంటాయి. బాబు బాగుండాలని మనసారా కోరుకుంటున్నాను.

ప్రశ్న: ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో కొవ్వు కణికలు వాడారని విన్నాను. మామూలు ఫాస్ఫోలిపిడ్ సంచిలో పెడితే సరిపోదా?
– ఫార్మసీ విద్యార్థిని

సరిపోదు. మామూలు లైపోజోమ్ కణంలోకి వెళ్లినా ఎండోజోమ్ అనే సంచిలో చిక్కుకుపోతుంది. దాని గోడను చీల్చి ఆర్‌ఎన్‌ఏ సైటోప్లాజంలోకి రావాలి. అందుకని ఆ కణికల్లో నాలుగు రకాల లిపిడ్‌లు ఉంటాయి: పైన చెప్పిన 18 కార్బన్ల సంతృప్త ఫాస్ఫటైడిల్ కోలిన్, కొలెస్టరాల్, పీఈజీ అనే పాలిమర్ తగిలించిన లిపిడ్, నాలుగోది అయనీకరణం చెందే లిపిడ్. కీలకమైనది ఈ నాలుగోది. రక్తంలో పీహెచ్ 7.4 దగ్గర దానికి ఆవేశం దాదాపు లేదు, కాబట్టి కణాల్ని అంతగా బాధించదు. ఎండోజోమ్‌లో ఆమ్లత పెరగగానే ధనావేశం వస్తుంది. ఎండోజోమ్ గోడలోని ఋణావేశ లిపిడ్‌లతో అది జతకడుతుంది. ఆవేశాలు రద్దయి రెండు తలలూ దగ్గరికొచ్చి చిన్నవవుతాయి, కింద తోకలన్నీ అలాగే ఉంటాయి. అంటే తిరగబడ్డ శంకువు. చదునుగా ఉండలేక గోడ అక్కడ తెరుచుకుంటుంది.

ఇంత చేసినా లోపలికి వెళ్లిన ఆర్‌ఎన్‌ఏలో కొద్ది శాతమే బయటపడుతుంది. అందుకే రసాయన శాస్త్రవేత్తల దృష్టంతా తోకల మీద ఉంది. మోడర్నా టీకాలోని ఎస్ఎం-102, ఫైజర్-బయోఎన్‌టెక్ టీకాలోని ఏఎల్‌సీ-0315 నిర్మాణాలు గీసి చూడు. మొదటిదానిలో ఒక తోక, రెండోదానిలో రెండు తోకలూ చివర కొమ్మలుగా చీలి ఉంటాయి. అలా చీలిస్తే కింది భాగం మరింత వెడల్పై శంకువు ఇంకా తెరుచుకుంటుంది.